నాగమణమ్మ, ఆమె దొరసాని

నాగమణమ్మ బ్లేళ్ళు బిగించే రోజున ఆమెను పలకరించకూడదు. పురానాపూల్ దగ్గర ఆ గల్లీలో ఈ సంగతి పాలు పోసేవాడికి కూడా తెలుసు. ఆ రోజు ఆమె చేసే మొదటి పని గోడమీది పెట్టెలోంచి ఫ్యూజు పీకి కొంగున ముడివేసుకోవడం. ఆ ముడిని బొడ్లో దోపుకున్నాక ఇక పుట్టింటివాళ్ళొచ్చినా సరే, తామే కుండలోంచి నీళ్ళు ముంచుకు తాగాలి. కొత్తగా వచ్చిన ఒక వడ్రంగి కుర్రాడు, చెక్క తొందరగా కావాలి, ఆ ఫ్యూజేదో పెట్టెయ్యమ్మా అని అడిగాడట. ఆ పూట అతను తిన్న తిట్లు ఉస్మాన్‌గంజ్ దాకా వినిపించాయని చెప్పుకుంటారు. పది వేళ్ళతో పుట్టినం, పది వేళ్ళతోనే పోవాలె అన్నది ఆమె వాదన. రంధా మిషన్ల దగ్గర పనిచేసే వాళ్ళలో పది వేళ్ళూ ఉన్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి చూడండి, ఆమె కోపం ఎందుకో అర్థమవుతుంది.

రంధా మిషన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. చేతిరంధాతో మనిషి చెమటలు కక్కుతూ తోసినా రాని నునుపును, చెక్కంతా ఒకే మందాన్ని, ఒక్క ఊపులో ఇచ్చే యంత్రం అది. ఒకవైపునుంచి గరుకు చెక్క పెడితే పళ్ళచక్రాలు లోపలికి లాక్కుంటాయి. పైన గిర్రున తిరిగే ఇనుప ఇరుసుకు పొడుగునా కోసిన మూడు గాళ్ళు, గాడికో బ్లేడు. అవి చెక్కను చెక్కి అవతలికి పంపుతాయి. ఇప్పుడొచ్చే మిషన్లు రేకు డబ్బాల్లా తేలిగ్గా ఉంటాయి. నాగమణమ్మది మాత్రం అచ్చంగా పోత ఇనుము, ఏ కాలంలోనో సీమనుంచి ఓడెక్కి వచ్చింది. దాని పేరు చెక్కిన ఇత్తడి రేకు అరిగిపోయి చివరి రెండు ఇంగ్లీషు అక్షరాలే మిగిలాయి. పేరు చదవడం ఎవరివల్లా కాక, సీమనుంచి వచ్చింది కదా అని గల్లీవాళ్ళు దొరసాని అని పిలవడం మొదలుపెట్టారు.

దాన్ని తెచ్చింది ఆమె మామ పెంటయ్య మేస్త్రి. మూతపడిన ఏదో కార్ఖానా సామాను వేలం వేస్తుంటే కొని, ఎడ్లబండి మీద మూసీ దాటించాడు. బండి ఇరుసు విరిగిందనీ, గల్లీ గల్లీ అంతా వచ్చి మోశారనీ ఆయన చెప్పేవాడు. సగం కోతలే అయినా ఆయన చెబుతుంటే వినబుద్ధయ్యేది.

నాగమణమ్మ వలిగొండ పక్కనుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. వంటింటికీ షెడ్డుకూ నడుమ ఒకటే గోడ. పొద్దస్తమానం చెవిలో జోరీగలా ఆ మిషన్ మోత. కొత్తలో తలనొప్పితో ఏడ్చింది. ఆ తర్వాత చెవికి అలవాటైంది. మరికొన్నాళ్ళకు టేకు పోతోందా, వేప పోతోందా అన్నది పొయ్యి దగ్గర కూర్చునే చెప్పేసేది. ఒకరోజు రొట్టెలు కాలుస్తూనే, మామా, బ్లేడు అంచు విరిగింది, ఆపు అని గోడ ఇవతలినుంచి కేకేసింది. పెంటయ్య నవ్వుతూనే ఆపి చూశాడు. నిజంగానే ఒక బ్లేడు అంచున నువ్వుగింజంత విరిగి ఉంది. ఆయన నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆయనకు కొడుకులిద్దరు. పెద్దవాడు వైకుంఠం, నాగమణమ్మ భర్త. గడపల మీద చిలకలు, తీగలు చెక్కడంలో ఆ పరిసరాల్లో అతనికి సాటి లేడు కానీ, పక్కన పిడుగు పడినా తలెత్తని మనిషి. చిన్నవాడు బాలకిషన్. చదువుకుని పత్తర్‌గట్టీలో చీరల దుకాణంలో కుదిరాడు, తెల్ల చొక్కాకు పొట్టు అంటుతుందని షెడ్డు గడప కూడా తొక్కడు. పెంటయ్య ఇద్దరినీ చూశాడు, కోడలిని చూశాడు, పానా తీసి కోడలి చేతిలో పెట్టాడు. ఆడమనిషి చేతికి దొరసానినిచ్చాడని గల్లీ పగలబడి నవ్వింది. నవ్వినవాళ్ళ చెక్కలన్నీ ఆ తర్వాత ఆమె చేతి మీదుగానే పోయాయి.

ఆయన ఆమెకు నేర్పినవాటిలో అసలైనది బ్లేళ్ళు బిగించడం. అదీ శుక్రవారమే, జుమ్మా నమాజు వేళకే. ఎందుకంటే ఆ గల్లీలో గ్రిల్లులు కోసేవాళ్ళు, వెల్డింగువాళ్ళు, రేకు పెట్టెలు కొట్టేవాళ్ళు అందరూ ఆ ఒక్క పూట పని ఆపి మసీదుకు పోతారు. గల్లీ సద్దుమణుగుతుంది. అప్పుడు మిషన్ బల్ల మీద ఇరుగుడు చేవతో చేసిన చదునైన కొలకట్టె పెట్టి, బెల్టు తీసేసిన ఇరుసును చేత్తో నెమ్మదిగా వెనక్కి తిప్పాలి. బ్లేడు అంచు కొలకట్టెను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి చప్పుడు ఎడమ కొసన ఎంతో నడుమ అంతే, కుడి కొసన కూడా అంతే ఉండాలి. మూడు బ్లేళ్ళకూ ఒకటే చప్పుడు. ఏ బ్లేడైనా వెంట్రుకవాసి పైకి ఉంటే, పనంతా అదొక్కటే చేస్తుంది, మిగతా రెండూ సోమరిపోతుల్లా ఊరికే తిరుగుతాయి. చెక్క మీద గీతలు పడతాయి. కన్ను అబద్ధమాడుతది బిడ్డా, చెవి ఆడదు అనేవాడు పెంటయ్య. పోయేముందు దాకా ఆయన ఆ చప్పుడు పక్కన కూర్చుని విన్నాడు.

ఆయన పోయాక కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత దొరసానికి ఏదో పట్టుకుంది. చెక్క కుడివైపున పొడుగునా ఒక గీత, గీత పక్కన అలలు అలలుగా గరుకు. నాగమణమ్మ బ్లేళ్ళకు సాన పట్టించింది. మూడూ సమానంగా అరగదీశారో లేదో అని ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల దుకాణం ప్రేమ్‌రాజ్ సేఠ్ దగ్గరికి పోయి, ఆయన పళ్ళెం త్రాసులో ఒకదాని ఎదురుగా ఒకటి పెట్టి చూసింది. తుమ్ముల మధ్య త్రాసు ముల్లు నిలవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. బరువులో తేడా లేదు. అయినా గీత పోలేదు. చివరికి కొత్త బ్లేళ్ళు వేసింది. గీత అక్కడే ఉంది. బేరింగులు పోయాయన్నారు ఒకరు, ఇరుసే వంగిందన్నారు ఇంకొకరు. బేరింగులు మార్పించింది. మెకానిక్ ఇరుసు పరీక్షించి నిటారుగా ఉందన్నాడు. గీత ఉందంటే ఉంది. వడ్రంగులు ఒక్కొక్కరే మొహమాటపడుతూ పక్క గల్లీలో కొత్త మిషన్ దగ్గరికి చెక్కలు పట్టుకుపోవడం మొదలుపెట్టారు. తన గుమ్మం ముందునుంచే పోయే ఆ తోపుడుబళ్ళను ఆమె ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేది.

ఆ మంగళవారం సాయంత్రం బాలకిషన్ వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. అయితే దుకాణంలో రోజంతా కూర్చునేవాడికి ఖాళీగా ఉన్న గది చూస్తే అద్దె గుర్తొస్తుంది. షెడ్డును గాజుల వ్యాపారి గోడౌన్‌గా అడుగుతున్నాడనీ, దొరసానిని తూకానికి అమ్మేద్దామనీ, పాత ఇనుము కొనే కబాడీ అతనితో మాట్లాడాననీ, శుక్రవారం నాలుగింటికి బండి వస్తుందనీ అన్నం ముందు కూర్చుని చెప్పాడు. వైకుంఠం ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. నాగమణమ్మ మాత్రం నన్నడగకుండ నా మిషన్‌కు బండి ఎట్ల పిలుస్తవ్ అని నిలదీసింది.

బాలకిషన్ తలెత్తకుండా అన్నాడు. "మిషన్ బాపుది. బాపు పోయినంక మా అన్నది, నాది. నడుమ నీదేంది వదినా?"

నాగమణమ్మకు ముఖం మీద కొట్టినట్టయింది. కళ్ళనీళ్ళు వచ్చాయి, కానీ వాటిని అక్కడ పడనిస్తే ఆమె నాగమణమ్మ ఎట్లా అవుతుంది? చెంగుతో ముఖం తుడుచుకుని, పప్పుగిన్నె ఠంగున కింద పెట్టింది.

"మంచిది. శుక్రవారం నాలుగు గొట్టేటాళ్ళకు గీత లేకుండ చెక్క తీస్త. తీయకపోతే నేనే తాడు గట్టి బండికెక్కిస్త. తీస్తే మాత్రం మల్ల గా మాట నా ఇంట్ల వినపడొద్దు."

సరేనన్నాడు బాలకిషన్. చెక్క బాగుందో లేదో ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. గల్లీలోని ఖాసిం భాయ్ చెప్పాలన్నాడు బాలకిషన్. అల్మారాలు చేసే ఆ ముసలి మేస్త్రి సొంత అల్లుడు చేసిన కుర్చీని కూడా బాగుందని ఎన్నడూ అనలేదు. నాగమణమ్మ అందుకూ ఒప్పుకుంది. కోపంలో పందెం కాయడం తేలికే. పడుకున్నాక అసలు లెక్క గుర్తొచ్చింది. ఏడాదిగా పోని గీత ఒక్క శుక్రవారంలో ఎట్లా పోతుంది?

శుక్రవారం వచ్చింది. ఆమె ఫ్యూజు పీకింది, ముడివేసుకుంది. బెల్టు జార్చింది, మూత ఎత్తింది, మూడు బ్లేళ్ళూ తీసి గుడ్డ మీద వరసగా పడుకోబెట్టింది. మసీదునుంచి పిలుపు వినిపించింది. ఒక్కొక్క షట్టరూ సగానికి దిగింది. కాసేపటికి గల్లీలో ఎక్కడో నల్లా కారుతున్న చప్పుడు తప్ప మరొకటి లేదు.

మొదటి బ్లేడు గాడిలో కూర్చోబెట్టి, దాన్ని ఒత్తిపట్టే ఇనుప పట్టీ పక్కన దూర్చి, బోల్టులు వేళ్ళతో బిగించింది. కొలకట్టె పెట్టి ఇరుసు తిప్పింది. ఎడమ కొస, నడుమ, కుడి కొస. ఒకటే చప్పుడు, పట్టుచీర మడత మీద గోరు గీసినట్టు. బాగుంది. పానాతో నడిమి బోల్టునుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా బిగించింది. మళ్ళీ తిప్పింది. ఎడమ అదే చప్పుడు, నడుమ అదే. కుడి కొసకు వచ్చేసరికి మాత్రం కర్రుమంది.

వదులు చేసి మళ్ళీ మొదటినుంచి బిగించింది. మళ్ళీ కర్రుమంది. ఈసారి ఆమె చెవిని పక్కన పెట్టి సెల్‌ఫోన్ లైటు వేసి కుడి కొసను కన్నార్పకుండా చూస్తూ పానా తిప్పింది. అప్పుడు కనిపించింది. పానా తిరుగుతున్న కొద్దీ బ్లేడు ఆ కొసన గాడిలోంచి పైకి లేస్తోంది. చెప్పుల్లో రాయి ఉంటే కాలు ఎట్లా ఒరుగుతుందో అట్లా. ఏడాదిగా ఆమె సరిగ్గానే అమరుస్తోంది. బిగింపులోనే అది తప్పిపోతోంది. అంటే కింద ఏదో ఉంది.

బ్లేడు తీసింది, పట్టీ తీసింది, గాడి అడుగున గోరుతో గీరింది. ఇనుము నలుపే. ఇంకొంచెం గట్టిగా గీరింది. గోటి కిందికి పెచ్చు లేచింది. గ్యాసునూనెలో ముంచిన గుడ్డతో అక్కడ రుద్దితే గుడ్డ ఎర్రబడింది. తుప్పు అనుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. గ్యాసునూనె వాసన వెనకాల పసుపు, నువ్వులనూనె, చెక్క జిగురు కలిసిన పాత వాసన. పూజగది వాసన!

నాగమణమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని పొట్టు కుప్ప మీద కూలబడింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా, ఆమె ఎట్లా పట్టగలదు? ఆ ఇంట్లో దసరాకు ఆయుధపూజ ఆషామాషీగా జరగదు. బ్లేళ్ళు తీసి కడిగి పీట మీద పెడతారు. ఖాళీ గాళ్ళు దొరసాని నోరు కాబట్టి, ఆమె అత్త లలితమ్మ ఆ నోట్లో నూనె పోసి, పసుపు పూసి, మూడు వేళ్ళతో కుంకుమ దట్టంగా పెడుతుంది. కుడిచేతి వాటం, కుడివైపు నిలబడే పెడుతుంది. దేవుడికి పెట్టిన బొట్టు తుడవకూడదని ఆమె శాసనం. ఆ తర్వాతి శుక్రవారం నాగమణమ్మ ఆ కుంకుమ మీదే బ్లేళ్ళు కూర్చోబెట్టి బిగించేది. ఏటికేడు పొర మీద పొర పడి, జిగురు తాగి, బోల్టుల ఒత్తిడికి లక్కలా గట్టిపడి, ఇనుము రంగులో కలిసిపోయింది. కళ్ళకు ఎదురుగా ఉన్నదాన్ని ఏడాదిపాటు బేరింగుల్లో వెతికిందామె.

అత్తను పిలిచింది. ఎనభై దాటిన లలితమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, ఎర్రటి గుడ్డను చూసి, గాడిని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలి నోటి సంగతి ఆమెకు తెలుసు. పిడుగు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. తీరా నాగమణమ్మ తిట్టలేదు. మామ ఉన్నప్పుడు ఇట్లా ఎందుకు కాలేదు అత్తమ్మా అని మాత్రం అడిగింది.

లలితమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. "దసరా తెల్లారి మీ మామ గ్యాసునూనె గుడ్డతోని లోపలంత తుడుస్తుండె. నేను నిద్రపోతున్న అనుకుంటుండె మనిషి."

"మరి గీ మాట నాకెందుకు చెప్పలే?"

"దేవుని బొట్టు తుడిచిండు అని మొగుని మీద కోడలికి చెప్పుకుంటరా ఏంది?"

నాగమణమ్మకు నవ్వాగలేదు. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాం మనసు నొప్పించకుండా దొంగచాటుగా తుడిచిన మామ, చూసీ చూడనట్టు కళ్ళు మూసుకున్న అత్త. వీళ్ళిద్దరి మర్యాదకు మధ్యన దొరసాని ప్రాణం మీదికొచ్చింది! అయితే ఇప్పుడు తుడవాలి. ఆమె చెయ్యి గాడి దాకా పోయి ఆగింది. ఎంత రోషం మనిషైనా కుంకుమ తుడవడమంటే చెయ్యాడదు. అది చూసి లలితమ్మ కోడలి చేతిలోంచి గుడ్డ తీసుకుంది. దొరసానికి దండం పెట్టింది. ముందు నేనే తుడుస్త, పాపమైతే నాకే తాకుతది అని, గాడి పొడుగునా ఒక్కసారి తుడిచి, గుడ్డ కోడలికి తిరిగి ఇచ్చింది.

ఇక నాగమణమ్మను పట్టేవాళ్ళెవరు? ఇనుముతో గీకితే గాడి చెడుతుందని వెదురు పుల్ల చెక్కి అంచులు గీకింది, ఇత్తడి తీగల బ్రష్షుతో తోమింది, గ్యాసునూనెతో కడిగింది. వైకుంఠం ఉలి పక్కన పెట్టి, అడగకుండానే వచ్చి, ఇనుప పట్టీలు ఒక్కొక్కటే తోమి అందించాడు. అన్నేళ్ళ కాపురంలో భర్త తన పనిలో వేలుపెట్టడం ఆమె అదే మొదటిసారి చూసింది. పోత ఇనుము వెండిలా మెరిసే దాకా ఇద్దరూ వదలలేదు.

పని ముగిసేసరికి నమాజు కూడా ముగిసింది. షట్టర్లు లేచాయి. గ్రిల్లుల దుకాణంలో కోతమిషన్ కీచుమంది, రేకు పెట్టెల మీద సుత్తులు పడ్డాయి, మలుపులో ఆటోలు హారన్లు మోగించాయి. నాగమణమ్మ మొదటి బ్లేడు మళ్ళీ గాడిలో కూర్చోబెట్టి, కొలకట్టె పెట్టి ఇరుసు తిప్పి చెవి ఒగ్గింది. ఏమీ వినపడలేదు. గడియారం చూస్తే రెండున్నర దాటింది. ఇంత దూరం వచ్చి, దొంగను పట్టుకుని, చప్పుడు వినపడక ఓడిపోవడమా అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోలేదు.

ఖాసిం భాయ్ టోపీ సర్దుకుంటూ మసీదునుంచి వస్తూ గుమ్మంలో ఆగాడు. సంగతేమిటని అడిగాడు. వైకుంఠం, ఎప్పుడూ మాట్లాడని వైకుంఠం, గడగడా అంతా చెప్పాడు. ఖాసిం భాయ్ కుంకుమ గుడ్డ చూశాడు, గాడిలో వేలు పెట్టి చూశాడు. చేతికర్ర తీసుకుని బయటికి పోయాడు. మొదట కోతమిషన్ ఆగింది. తర్వాత సుత్తులు ఆగాయి. వెల్డింగు షెడ్డువాళ్ళు బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఖాసిం భాయ్ గల్లీ మొదట్లో చేతికర్ర అడ్డంపెట్టి నిలబడి, హారన్ కొట్టబోయిన ప్రతి ఆటోవాడి మీద కస్సుమంటున్నాడు. నాగమణమ్మ బ్లేళ్ళు అమరుస్తోంది, పావుగంట నోర్మూసుకోండని ఒకరికొకరు చెప్పుకున్నారు. నమాజు వేళకు తప్ప మరెందుకూ ఆగని గల్లీ ఆమె కోసం ఆగింది.

ఆమె ముక్కు తుడుచుకుని కళ్ళు మూసుకుంది. మొదటి బ్లేడు. ఎడమ, నడుమ, కుడి. బిగించింది. మళ్ళీ తిప్పింది. ఒకటే చప్పుడు! కుడి కొస కదలలేదు. రెండోది అట్లాగే, మూడోది అట్లాగే. ప్రతి బోల్టూ మరోసారి పానాతో పరీక్షించి, బెల్టు ఎక్కించి, మూత దించి, కొంగు ముడి విప్పి ఫ్యూజు పెట్టెలో పెట్టింది. దొరసాని మొదట గురకపెట్టి, గొంతు సవరించుకుని, పాత రోజుల్లో వంటింటి గోడ అవతలినుంచి వినిపించిన మోత అందుకుంది. లలితమ్మ మంచం మీదనుంచే అయ్యో మా ఆయన మిషనే అంది.

నాలుగింటికి కబాడీ అతను గొలుసులు, కప్పీ వేసుకుని ట్రాలీ ఆటోలో వచ్చాడు. వెనకాల బాలకిషన్ తెల్ల చొక్కాతో వచ్చాడు. అప్పటికే షెడ్డు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఖాసిం భాయ్ మొహమాటపడే మనిషి కాదు గదా, తన కొట్టులోంచి పాత టేకు చెక్క మోయించుకొచ్చాడు. ఏదో కూలగొట్టిన హవేలీ తలుపుది, జానన్నర వెడల్పు, నార అటొకసారి ఇటొకసారి తిరిగి, నడుమ కన్నులా ముడి. ఇట్లాంటి చెక్క మంచి మిషన్లోనే చీలికలుగా లేస్తుంది. బాలకిషన్‌కు కూడా అది చూసి పాపమనిపించింది, కొంచెం తేలికైనది ఇవ్వొచ్చు గదా అన్నాడు. వద్దంది నాగమణమ్మ.

చెక్క చేతికి రాగానే ఆమె మిషన్లో పెట్టలేదు. పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దాని మీద జరుపుతూ కూర్చుంది. కబాడీ అతను టైమవుతోందని గొణిగాడు. అయస్కాంతం ఒకచోట టక్కున అతుక్కుంది. పైకి ఏమీ కనిపించదు. ఉలితో చెక్కితే లోపల విరిగిన మేకు మొన బయటపడింది. కొత్త బ్లేళ్ళకు అది తగిలి ఉంటే ఆ పూటతో కథ ముగిసేదే. దాన్ని పీకి ఖాసిం భాయ్ అరచేతిలో పెట్టింది. ఆయన ఇది నేను చూడలేదని పెద్దగానే అన్నాడు.

అప్పుడు చక్రం తిప్పి బల్ల ఎత్తు అమర్చి, చెక్క కొసను లోపలికి అందించింది. పళ్ళచక్రాలు పట్టుకున్నాయి. మోత మారింది. అందరి కళ్ళూ అవతలివైపు ఉన్నాయి, నాగమణమ్మ మాత్రం కళ్ళు మూసుకుని వింటోంది. ముడి దగ్గర గొంతు ఒక్క క్షణం బరువెక్కి మళ్ళీ సాఫీ అయింది. పొట్టు ఉల్లిపొరల్లా ఎగిరి బాలకిషన్ చొక్కా మీద పడింది. చెక్క ఇంకా సగం లోపల ఉండగానే ఆమె కళ్ళు తెరిచి నవ్వింది. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

ఖాసిం భాయ్ చెక్కను గుమ్మంలోకి తీసుకుపోయి ఎండకు ఏటవాలుగా పట్టాడు. ఒక కన్ను మూసి ఈ కొసనుంచి ఆ కొస దాకా చూశాడు. కుడివైపు, ఏడాదిగా గీత పడే చోట, గోరు అడ్డంగా లాగాడు. మళ్ళీ లాగాడు. తర్వాత అరచేతితో ముడి మీద నిమిరాడు, చంటిబిడ్డ తల నిమిరినట్టు.

"బెహెన్, దీనికి పాలిష్ కాగజ్ కొట్టనియ్యకు. కొడితే ఖరాబైతది."

గరుకు కాగితమే అక్కర్లేదనడం, ఆ మనిషి నోటినుంచి ఎవరికీ రాని మాట అది. వెల్డింగువాళ్ళు ఈల వేశారు. లలితమ్మ మెటికలు విరిచి కోడలికి దిష్టి తీసింది. వైకుంఠం చెక్క తీసుకుని నిమురుతూ, దీని మీద చిలకలు చెక్కుతా అన్నాడు. చెక్కలు పట్టుకుని పక్క గల్లీకి పోతున్న తోపుడుబండి ఒకటి జనాన్ని చూసి ఆగి, మెల్లగా ఇటు తిరిగింది. నాగమణమ్మ అదీ చూసింది. ఆమె ఒళ్ళంతా పొంగిపోయింది. ఏడాది అవమానం ఆ ఒక్క బండి మలుపుతో కొట్టుకుపోయింది.

కబాడీ అతను మాత్రం గొలుసులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇంత దూరం వచ్చి ఖాళీ బండితో పోవాలా అన్నాడు. తూకం కావాలంటే ఆ మూలన పొట్టు సంచులున్నయి, మంచిగ తూచుకో అంది నాగమణమ్మ. అందరూ గొల్లుమన్నారు. అతను వదిలేరకం కాదు. బాలకిషన్‌ను పక్కకు పిలిచి, మాటిచ్చారు గదా సేఠ్, ధర పెంచుతా, ఇప్పుడు నడుస్తున్న మిషన్ కాబట్టి ఇంకా బాగా పెంచుతా, ఇంటి మగవాళ్ళు మీరు చెప్పండి అని గొంతు తగ్గించి అడిగాడు. తగ్గించాననుకున్నాడు. మిషన్ అప్పుడే ఆగింది, షెడ్డంతా వినపడింది. నాగమణమ్మ పానా పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చెక్క గెలిచింది, నడుమ నీదేంది అన్న ఆ మాట ఇంకా మిగిలే ఉంది.

బాలకిషన్ చొక్కా మీది పొట్టు దులుపుకోలేదు. వదిన వైపు చూశాడు, తర్వాత కబాడీ అతని వైపు తిరిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్ భాయ్? మిషన్ మా వదినది."

నాగమణమ్మ తోపుడుబండి అతను దించుతున్న చెక్కల వైపు తిరిగింది. వాటిలో ఒకదాన్ని ఎత్తి బల్ల మీద పెట్టి, చేతిగడియారం తీసి జేబులో పెట్టుకో బాలకిషన్, అవతలికి పోయి చెక్క పట్టు అంది. అతను గడియారం తీసి, తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, దొరసాని వెనక్కి పోయి నిలబడ్డాడు.